దిగడానికి నలభై నిమిషాలు

తిరుమల ఘాట్ రోడ్డు మీద వేగానికి పెట్టిన హద్దు కిలోమీటర్లలో కాక నిమిషాల్లో ఉంటుంది. కింద అలిపిరి టోల్‌గేటు దాటిన సమయం, పైకి చేరిన సమయం రెండూ నమోదవుతాయి. 28 నిమిషాల కంటే ముందే కొండమీదికి చేరిన బండి వేగంగా వచ్చినట్టే లెక్క. దిగేటప్పుడు ఆ కనీస సమయం 40 నిమిషాలు. ఇక్కడే ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. కొండ ఎక్కాలంటే ఇంజన్ చెమటోడ్చాలి. దిగేటప్పుడు కొండే బండిని కిందికి తోస్తుంది. మామూలు తర్కంలో ఎక్కడం ఆలస్యం, దిగడం తొందర కావాలి. నిబంధన మాత్రం దిగేవాణ్ణే ఎక్కువసేపు దారిలో ఉంచుతోంది. 1944 ఏప్రిల్ 10న అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రారంభించిన మొదటి ఘాట్ రోడ్డు పొడవు సుమారు 19 కి.మీ. 1970లలో రెండో దారి వచ్చాక పాతదాన్ని దిగడానికి, కొత్తదాన్ని ఎక్కడానికి వాడుతున్నారు. 19 కి.మీ.కి 40 నిమిషాలంటే సగటున గంటకు 30 కి.మీ. కూడా కాదు. ఈ చిన్న నిబంధన వెనక మనుషులు వాలు దారుల మీద రెండు శతాబ్దాలుగా నేర్చుకున్న పాఠం ఉంది. బండి ఎంత వేగం పోగలదన్న లెక్క మీద వేగపరిమితి నిలబడదు. బండి ఎక్కడ ఆగగలదు, ఆగకపోతే ఎవరి ప్రాణం పోతుంది అన్న లెక్క మీదే నిలబడుతుంది. చదును నేల మీద మరిచిపోయే ఈ సంగతిని గుర్తుచేసేది కొండే.

మోటారు రాకముందు దారి వేగాన్ని నిర్ణయించింది పశువు. ఎద్దు రోజంతా నిలకడగా లాగగల బలం తన ఒంటి బరువులో సుమారు పదో వంతు. 350 కిలోల ఎద్దులు రెండు కలిస్తే 70 కిలోల లాగుడు. సరుకుతో కలిపి 800 కిలోలు తూగే బండిని గట్టి నేల మీద చదునుగా లాగడానికి పాతిక, ముప్పై కిలోల బలం చాలు. దారి ఇరవై అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరిగితే దానికి ఇంకో 40 కిలోలు కలుస్తాయి. జత బలం అక్కడికి సరి. పది అడుగులకు ఒక అడుగు ఎత్తయితే 80 కిలోలు కలుస్తాయి, ఎద్దులు రొప్పుతూ నిలబడిపోతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జారి కాడి పైకి లేస్తుంది కాబట్టి బండివాడు నొగ మీదికి జరిగి కూర్చుని తన బరువుతో దాన్ని అదుముతాడు. దిగేటప్పుడు ఇదే తిరగబడుతుంది. బరువంతా కాడి మీదుగా ఎద్దుల మెడల మీదికి తోసుకొస్తుంది. ఎద్దు లాగే జంతువే కాని ఆపే జంతువు కాదు. అందుకే చక్రానికి కర్రదుంగ ఒరిపిడి పెట్టడం, బండి వెనక తాడు కట్టి మనుషులు పట్టుకోవడం వంటి ఉపాయాలన్నీ దిగుడు కోసం పుట్టినవే. ఎక్కుడులో వేగం దానంతటదే తగ్గుతుంది, దిగుడులో ఎవరో ఒకరు తగ్గించాలి. ఘాట్ రోడ్ల కథంతా ఈ రెంటి మధ్య నడిచిందే.

ఇరవైకి ఒకటి అన్న ఈ నిష్పత్తి గుర్రాల దేశంలోనూ అదే చోటికి వచ్చింది. 19వ శతాబ్దం మొదట్లో లండన్ నుంచి వేల్స్ కొండల మీదుగా హోలీహెడ్ రేవుకు దారి వేసిన థామస్ టెల్‌ఫోర్డ్, టపా బండ్ల గుర్రాలు దుడుకు నడక మానకుండా సాగాలని వాలును ఇరవైకి ఒకటి దాటనీయకుండా చూశాడు. ఫ్రాంకన్ లోయలో అది ఇరవై రెండుకు ఒకటి. అంత జాగ్రత్తగా వేసిన దారుల మీద కూడా బండి దిగేటప్పుడు వెనక చక్రం కింద ఇనుప చెప్పు లాంటిదాన్ని పెట్టేవారు. చక్రం దొర్లడం మాని ఆ ఇనుము మీద ఈడ్చుకుపోతూ వేగాన్ని పట్టి ఉంచేది. దిగుడు మొదలయ్యే చోట బండి దిగి దాన్ని తొడగడం, అడుగున తీసేయడం బండి నడిపే వృత్తిలో భాగం. దారి వేసినవాడు వాలును తగ్గించి సగం పని చేశాడు, బండి నడిపేవాడు చక్రాన్ని బిగించి మిగతా సగం చేశాడు. వేగానికి అంకెల్లో హద్దు పెట్టే చట్టం అప్పటికింకా రాలేదు. హద్దు మాత్రం ఆ వాలులోనే ఉండేది.

ఆవిరి యంత్రం వచ్చాక ఈ సమతూకం చెదిరింది. అలసట ఎరగని యంత్రాన్ని ఆపడానికి అప్పటి బ్రేకులు చాలేవి కావు. బొంబాయి నుంచి దక్కను పీఠభూమి ఎక్కే భోర్ ఘాట్ రైలు మార్గం 1863లో తెరుచుకుంది. దాదాపు 25 కి.మీ.లో 550 మీటర్లకు పైగా ఎత్తు, కొన్నిచోట్ల ముప్పై ఏడుకు ఒకటి వాలు. అక్కడ స్థిరపడిన పద్ధతిని వివరంగా చూడాలి. దిగే దారిలో అక్కడక్కడా అసలు పట్టాల నుంచి ఒక శాఖ విడిపోయి కొండవైపు పైకి ఎక్కి ఆగిపోతుంది. మామూలుగా పట్టాలు ఆ శాఖకే కలిపి ఉంటాయి. దిగుతున్న రైలు అక్కడ ఆగి, తన బ్రేకులు పట్టుతున్నాయని రుజువు చేసుకున్నాకే పట్టాలు అసలు దారికి మళ్ళుతాయి. ఆగలేని రైలు ఆ శాఖలోకి దూసుకుపోయి, ఎత్తెక్కి, తన ఊపును తానే పోగొట్టుకుని నిలబడుతుంది. ముందు ఆగగలనని చూపించు, తర్వాతే ముందుకు పో అన్నది ఆ ఏర్పాటు సారం. ఎంత వేగంగా పోతున్నావన్నది ఆ తర్వాతి ప్రశ్న. రోడ్డు మీద వేగం గురించి ఇంత సూటిగా ఆలోచించడానికి మనకు ఇంకా చాలా కాలం పట్టింది.

రోడ్ల మీద చట్టబద్ధమైన వేగపరిమితి మొదట భయంలో పుట్టింది. బ్రిటన్‌లో 1861 నాటి చట్టం ఆవిరి బండ్లకు ఊరి బయట గంటకు 10 మైళ్ళు, ఊళ్ళో 5 మైళ్ళు అనుమతించింది. 1865లో దాన్ని 4 మైళ్ళకు, 2 మైళ్ళకు కుదించారు. బండికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలన్నారు. గుర్రాలు బెదురుతాయి, దారులు పాడవుతాయి అన్నవి అప్పటి ఆందోళనలు. 1896 జనవరిలో కెంట్ ప్రాంతంలో 2 మైళ్ళ హద్దున్న చోట 8 మైళ్ళ వేగంతో పోయిన వాల్టర్ ఆర్నాల్డ్‌ను సైకిలు మీద వెంబడించిన పోలీసు పట్టుకున్నాడు. అదే ఏడాది ఆగస్టులో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర బ్రిడ్జెట్ డ్రిస్కల్ అనే ఆవిడ మోటారు కారు తగిలి చనిపోయింది. ఆ దేశంలో పెట్రోలు కారు కింద పడి పోయిన మొదటి పాదచారి ఆమె. నవంబర్‌లో హద్దు గంటకు 14 మైళ్ళకు పెరిగింది, 1903 చట్టంతో 20 మైళ్ళయింది. ఇన్నిసార్లు మారిన ఈ అంకెల వెనక ఆగే దూరం గురించి గాని, తగిలినప్పుడు మనిషి శరీరం ఏమవుతుందన్న దాని గురించి గాని లెక్క లేదు. గుర్రం పక్షాన ఉన్నవారికీ మోటారు పక్షాన ఉన్నవారికీ మధ్య జరిగిన బేరంలో తేలిన అంకెలవి. అందుకే బండ్లు మెరుగవుతున్నకొద్దీ వాటి మీద గౌరవం కరిగిపోయింది.

వేగపరిమితుల మీద నేటికీ వినిపించే గట్టి అభ్యంతరం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఎవరూ పాటించని హద్దు చట్టాన్నే పలచన చేస్తుంది, దాన్ని తీసేయడమే నిజాయితీ అంటారు. బ్రిటన్ ఆ మాట విని చూసింది. 20 మైళ్ళ నిబంధనను ఎవరూ లెక్కచేయడం లేదని 1930 రోడ్ ట్రాఫిక్ చట్టంతో కార్ల మీద వేగపరిమితిని పూర్తిగా ఎత్తేసింది. 1934లో ఆ దేశపు రోడ్ల మీద 7,343 మంది చనిపోయారు. అదే ఏడాది మళ్ళీ చట్టం చేసి, 1935 మార్చి నుంచి ఇళ్ళున్న ప్రాంతాల్లో గంటకు 30 మైళ్ళ హద్దు పెట్టారు. ఆ ఏడాది మృతులు 6,502కు తగ్గారు. డ్రైవింగ్ పరీక్ష, కాలిబాట దాట్లు వంటి మార్పులూ అదే సమయంలో వచ్చాయి కాబట్టి తగ్గుదల మొత్తాన్నీ ఒక్క హద్దు ఖాతాలో వేయడం న్యాయం కాదు. కాని పాటించని హద్దును ఎత్తేస్తే జనం వివేకమే వేగాన్ని పట్టి ఉంచుతుందన్న ఆశ మాత్రం నాలుగేళ్ళు నిలవలేదు. పాటించడం లేదంటే హద్దు అనవసరమని తేల్చుకోనక్కర్లేదు, అంకె తప్పు చోట పుట్టిందనో, కాపలా లేదనో కూడా అర్థం చేసుకోవచ్చు.

మరి వాలు మీద డ్రైవర్ ఎందుకు నెమ్మదిస్తాడు? మొదటి కారణం ఇంజనే. వాలు ఒక శాతం పెరిగిన ప్రతిసారీ బండి బరువులో నూరో వంతు అదనపు భారంగా వెనక్కి లాగుతుంది. 16 టన్నుల లారీ ఐదు శాతం వాలు ఎక్కుతుంటే వెనక్కి లాగేది 800 కిలోలు. దాన్ని గంటకు 60 కి.మీ. వేగంతో ఎక్కించడానికి ఒక్క వాలు కోసమే సుమారు 175 అశ్వశక్తి కావాలి. 110 అశ్వశక్తి ఉన్న లారీ అయితే, రోడ్డు ఒరిపిడి, గాలి అడ్డు ఏమీ లేవనుకున్నా, 38 కి.మీ. దాటలేదు, నిజంలో పాతిక, ముప్పై దగ్గర రెండో గేరులో మూలుగుతూ ఎక్కుతుంది. ఇందులో డ్రైవర్ ఎంచుకున్నది ఏమీ లేదు. మధ్యలో ఆగితే మళ్ళీ కదలడం కష్టం, క్లచ్ కాలుతుంది, బండి వెనక్కి జారుతుంది. అందుకే ఇరుకు కొండదారుల్లో ఎదురుపడినప్పుడు ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్న మర్యాద పుట్టింది. డ్రైవర్ల మధ్య వాడుకగా ఉన్న ఆ మర్యాద మన దేశంలో 1989 నాటి రోడ్డు నిబంధనల్లో చట్టమై కూర్చుంది. బలహీన స్థితిలో ఉన్న బండికే దారి మొదట దక్కాలని ఒప్పుకున్న చట్టం అది.

రెండో కారణం కంటికి కనిపించనిది, డ్రైవర్‌కే తెలియనిది. దీన్ని బాగా పరిశీలించిన దేశం జపాన్. టోక్యో, నగోయా నగరాల మధ్య 1969లో పూర్తయిన తోమే ఎక్స్‌ప్రెస్‌వే మీద యమతో సొరంగం ప్రాంతం దశాబ్దాలుగా ట్రాఫిక్ జాములకు పేరుమోసింది. అక్కడ ప్రమాదాలేమీ జరగకపోయినా, టోల్‌గేటు లేకపోయినా బండ్లు ఆగిపోయేవి. దారి కాస్త దిగి, మళ్ళీ ఒకటి రెండు శాతం వాలుతో మెల్లగా ఎక్కుతుంది. కంటికి చదునుగానే కనిపించే ఆ ఎత్తు మీద యాక్సిలరేటర్ మీది కాలు ఉన్నచోటే ఉంటుంది. బండి మాత్రం గంటకు నాలుగైదు కిలోమీటర్లు నెమ్మదిస్తుంది. వెనకవాడు దూరం తగ్గిందని బ్రేకు తొక్కుతాడు, వాడి వెనకవాడు ఇంకొంచెం గట్టిగా తొక్కుతాడు. ఆ అల వెనక్కి పాకి, చాలా బండ్ల తర్వాత ట్రాఫిక్ పూర్తిగా ఆగిపోతుంది. అక్కడి ఎక్స్‌ప్రెస్‌వేల మీద రద్దీ వల్ల ఏర్పడే జాముల్లో సగానికి పైగా ఇలాంటి చోట్లే పుడతాయి. దానికి విరుగుడుగా, వేగం పడిపోతోందని హెచ్చరించే బోర్డులు పెట్టారు. దారి పక్కన వరసగా వెలుగుతూ ముందుకు పరిగెత్తుతున్నట్టు కనిపించే దీపాలు అమర్చారు. డ్రైవర్ వాటితో సమానంగా పోవాలని చూస్తే చాలు, తగ్గిన వేగం తిరిగి వస్తుంది. డ్రైవర్ తన వేగాన్ని తాను సరిగ్గా అంచనా వేయలేడనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కర్లేదు. ఎక్కుడులో తెలియకుండా తగ్గించినవాడు దిగుడులో తెలియకుండానే పెంచుతాడు. మొదటి పొరపాటుకు జాము అవుతుంది, రెండో పొరపాటుకు ప్రాణం పోతుంది.

దిగుడులో జరిగేదాన్ని వేడి లెక్కలో చూస్తే బాగా అర్థమవుతుంది. తిరుమలకూ తిరుపతికీ మధ్య ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. జనంతో కలిపి 12 టన్నులుండే బస్సు ఆ ఎత్తు దిగేసరికి వదిలించుకోవలసిన శక్తి, 260 లీటర్ల మామూలు నీటిని మరిగే దాకా వేడిచేసేంత ఉంటుంది. అదంతా ఎక్కడికో పోవాలి. డ్రైవర్ తక్కువ గేరులో దింపితే ఇంజన్ చాలా భాగం మింగుతుంది. న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకు మీద ఆధారపడితే మొత్తం డ్రమ్ముల మీద, లైనర్ల మీద పడుతుంది. అవి ఒక స్థాయి దాటి వేడెక్కితే ఒరిపిడి గుణం పోయి జారతాయి. పెడల్ తొక్కినా బండి ఆగదు. బ్రేకులు ఫెయిలయ్యాయని మనం అనే చాలా ప్రమాదాల్లో బ్రేకు చివరి మలుపులో పాడవదు, మొదటి మైళ్ళలో ఎంచుకున్న వేగమే దాన్ని పాడుచేస్తుంది. ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగాలని పాత డ్రైవర్లు క్లీనర్లకు నేర్పే మాటలో ఈ శాస్త్రమంతా ఇమిడి ఉంది. తిరుమల నిబంధన దిగుడుకు 12 నిమిషాలు ఎక్కువ అడగడం బ్రేకు డ్రమ్ము చల్లబడడానికి ఇచ్చిన వ్యవధి అని చదువుకోవాలి.

నిజానికి కొండదారి మీద వేగం బోర్డు రాయకముందే, దారి గీసిన కాగితం మీదే తేలిపోతుంది. రోడ్ల అభివృద్ధి మీద 1927లో వేసిన జయకర్ కమిటీ సిఫార్సుల తర్వాత 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం జాతీయ రహదారిని మైదానంలో గంటకు 100 కి.మీ. వేగానికి తగినట్టు గీస్తే, అదే రహదారిని కొండ ప్రాంతంలో 50కి, నిటారు కొండల్లో 40కి తగినట్టు గీస్తారు. హెయిర్‌పిన్ మలుపు దగ్గర అది 20 కి.మీ.కి దిగుతుంది. లోపలి వంపు వ్యాసార్ధం కనీసం 14 మీటర్లు ఉంచి, మలుపులో వాలును నలభైకి ఒకటి మించకుండా చదును చేస్తారు. మైదానంలో తప్పనిసరి సందర్భాల్లో తప్ప గరిష్ఠంగా అనుమతించే వాలు ఐదు శాతం, అంటే ఎద్దుల కాలం నాటి ఇరవైకి ఒకటే. డ్రైవర్ ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద కాలు వేయడానికి రెండున్నర సెకన్లు పడుతుందని ఇంజనీర్లు లెక్క కడతారు. 80 కి.మీ. వేగంలో ఆ రెండున్నర సెకన్లలోనే బండి 55 మీటర్లు పోతుంది. ఆ తర్వాత ఆగడానికి చదును మీద ఇంకో 70 మీటర్ల పైచిలుకు కావాలి, ఆరు శాతం దిగుడు మీద దానికి మరో 15 మీటర్లు కలుస్తాయి. ఆ 15 మీటర్లంటే రెండు లారీల పొడవు. మలుపు అవతల ఆగి ఉన్న ఆటోకు, దాని పక్కన నిలబడ్డ మనిషికి ఆ రెండు లారీల దూరమే ఆయుష్షు. కాబట్టి బోర్డు మీది అంకె ఎవరో అధికారి ఇష్టానికి రాసినది కాదు, ముందున్న దారి ఎంత దూరం కనిపిస్తుందో, ఎంత వాలి ఉందో, ఎంత వంకర తిరిగిందో కలిపి చెప్పే సారాంశం.

దీనికి ఎదురుగా నిలిచే సంప్రదాయం అమెరికాలో పెరిగింది. ఒక దారి మీద స్వేచ్ఛగా పోతున్న బండ్ల వేగాన్ని కొలిచి, నూటికి 85 మంది ఏ వేగం లోపు పోతున్నారో దానికి దగ్గరగా హద్దు పెట్టాలన్నది అక్కడి ఇంజనీర్లు దశాబ్దాలుగా పాటించిన సూత్రం. జనంలో అత్యధికులు వివేకవంతులు, వాళ్ళను నేరస్థులుగా మార్చే చట్టం మంచిది కాదన్నది దాని వెనకున్న ప్రజాస్వామిక భావన. ఆ భావనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే ఈ పద్ధతిలో వేగంగా పోయేవాళ్ళ అలవాటే రేపటి హద్దు అవుతుంది. హద్దు పెరిగాక వేగం ఇంకొంచెం పెరుగుతుంది, మళ్ళీ కొలిస్తే అంకె మళ్ళీ పైకి జరుగుతుంది. పైగా ఆ కొలతలోకి వచ్చేది స్టీరింగ్ పట్టుకున్నవాడి అభిప్రాయమే. దారి దాటాలనుకునే ముసలావిడ, గట్టు మీద గొర్రెలు తోలుకుపోయే కాపరి, బడికి నడిచి వెళ్ళే పిల్లలు ఆ నూటిలో ఎక్కడా లేరు. వాలును గుర్తించలేని కన్ను జపాన్ డ్రైవర్లకే కాదు, అందరికీ ఉంది. ఆ కంటి అంచనాలను నూరు కలిపి సగటు తీసినా అది ఆగే దూరం కాబోదు.

1964లో డేవిడ్ సాలమన్ అనే అమెరికా పరిశోధకుడు గ్రామీణ రహదారుల మీద చేసిన అధ్యయనం ఇంకో వాదానికి ఆధారమైంది. సగటు కంటే బాగా ఎక్కువ వేగంతో పోయేవాళ్ళే కాక బాగా తక్కువ వేగంతో పోయేవాళ్ళూ ఎక్కువ ప్రమాదాల్లో చిక్కుకుంటున్నారని ఆయన చూపించాడు. వేగం కంటే వేగాల మధ్య తేడాయే ప్రమాదకరమని కొందరు దాన్ని చదువుకున్నారు. ఎత్తుదారి మీద ఈ మాటలో నిజముంది. పాకుతున్న లారీ వెనక 70లో వచ్చే కారు దాన్ని మలుపులో దాటాలని తొందరపడితే ఎదురుగా వచ్చేవాడి ప్రాణం మీదికి వస్తుంది. అయితే లారీ 25లో పోవడం దాని డ్రైవర్ నిర్లక్ష్యం కాదు, పైన చెప్పుకున్న 800 కిలోల లాగుడు ఫలితం. ఆ తేడాను తగ్గించే మార్గాలు రెండే. ఎక్కే వైపు నెమ్మది బండ్లకు అదనపు లేన్ కట్టాలి, లేదా వేగంగా పోగలిగినవాణ్ణి నెమ్మదించమనాలి. నెమ్మది బండిని వేగం పెంచమనడం ప్రకృతి ఒప్పుకోని సలహా. వేగం దానంతటది ప్రాణాలు తీయదనే వాదానికి అమెరికా అనుభవమే జవాబు చెప్పింది. చమురు సంక్షోభం వల్ల 1974లో దేశమంతటా గంటకు 55 మైళ్ళ హద్దు వచ్చింది. 1973లో 54 వేలు దాటిన రోడ్డు మరణాలు 1974లో 45 వేల దగ్గరికి పడిపోయాయి. జనం బండ్లు తీయడమే తగ్గించారు కదా అనవచ్చు. ప్రయాణించిన దూరం రెండున్నర శాతం మాత్రమే తగ్గింది, మరణాలు పదహారు శాతం తగ్గాయి. ప్రయాణం తగ్గడం ఒక్కటే ఆ తేడాను వివరించలేదు. పదేళ్ళ తర్వాత ఆ దేశపు జాతీయ పరిశోధన మండలి ఆ హద్దు ఏటా 2 వేల నుంచి 4 వేల ప్రాణాలు కాపాడుతోందని అంచనా కట్టింది.

ఇప్పటి బండ్లు పాతవి కావు, డిస్క్ బ్రేకులు, ఏబీఎస్ వచ్చాక కూడా ఎద్దుల కాలం నాటి జాగ్రత్తలెందుకన్నది మరో ప్రశ్న. బ్రేకు మెరుగైంది, నిజమే. రెండున్నర సెకన్లు మెరుగవలేదు, మనిషి ఎముక మెరుగవలేదు. గంటకు 30 కి.మీ. వేగంతో కారు తగిలితే నడిచేవాళ్ళలో చాలామంది బతుకుతారు. 50 దాటితే ఆ ఆశ వేగంగా సన్నగిల్లుతుంది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాలు సుమారు నాలుగు శాతం పెరుగుతాయని స్వీడన్ పరిశోధకుడు గోరాన్ నిల్సన్ లెక్క తేల్చాడు. 1997లో ఆ దేశం తన రోడ్డు విధానాన్ని ఈ పునాది మీదే తిరగరాసింది. మనిషి పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు శిక్ష మరణం కాకూడదు, కాబట్టి శరీరం తట్టుకోగల దెబ్బే వేగానికి హద్దు అని నిర్ణయించుకుంది. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సమావేశం, నడిచేవాళ్ళూ బండ్లూ కలిసే చోట 30 కి.మీ. హద్దు ఉండాలని ప్రకటించింది. వాలు దారి పాతకాలం నుంచి చెబుతున్నదాన్నే నగరాలు ఇప్పుడు శాస్త్రభాషలో ఒప్పుకుంటున్నాయి. మొదట ఎద్దు మెడ, తర్వాత బ్రేకు డ్రమ్ము, ఇప్పుడు నడిచే మనిషి శరీరం: హద్దు ఎప్పుడూ వరసలో అన్నిటికంటే బలహీనమైన దాని దగ్గరే ఉంది.

మన దేశంలో ఈ మాటకు ఉన్న బరువు వేరు. 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, వారిలో నూటికి 71 మంది అతివేగం వల్లనే అని కేంద్ర నివేదిక చెబుతోంది. వేరే కారణం తోచనప్పుడు అతివేగం అని రాసేసే అలవాటు ఉందని, ఆ అంకెను నమ్మలేమని అంటారు. ఆ అభ్యంతరం సబబే. అయినా దాన్ని సగానికి కోసినా మిగిలేది చిన్న సంఖ్య కాదు. 2018 సెప్టెంబర్ 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డులో కిక్కిరిసిన బస్సు కొండ దిగుతూ లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. పట్టాల్సినవారి కంటే ఎంతో ఎక్కువమంది ఉన్న బస్సుకు దిగుడు లెక్క మారిపోతుంది. బరువు పెరిగినకొద్దీ వేడి పెరుగుతుంది, ఆగే దూరం పెరుగుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగాలకు లోబడి ఆయా చోట్ల ఇంకా తక్కువ హద్దు పెట్టే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. అధికారం ఉంది. అరకు ఘాట్‌లో, మారేడుమిల్లిలో, శ్రీశైలం నల్లమల దారిలో ప్రతి వాలుకూ దాని కొలతల ప్రకారం హద్దు కట్టి, దాన్ని నిలబెట్టే ఏర్పాటు చేయాలన్న పట్టుదలే కావాలి.

నెమ్మదిస్తే కాలం వృథా అవుతుందన్నది చివరి అభ్యంతరం. 19 కి.మీ.ని 28 కి.మీ. సగటుతో కాక 40తో దిగితే మిగిలేది పన్నెండు నిమిషాలు. అవి తేలికైనవి కావు. రోజుకు పది ట్రిప్పులు తిప్పే డ్రైవర్‌కు అది రెండు గంటల కూలి, అందుకే ఈ భారం అతని ఒక్కడి జేబు మీద పడకుండా ట్రిప్పుల లెక్కను, జీతాన్ని ఆ సమయానికి తగినట్టు కట్టడం యజమాని బాధ్యత. నిమిషాల పద్ధతికి ఇంకో బలముంది. కెమెరా దగ్గర నెమ్మదించి దాటాక పరుగెత్తినా లాభం లేదు, ముందే చేరితే గేటు దగ్గర పట్టుబడతాడు. అలా దారి మొత్తం మీద సగటే లెక్కకొస్తుంది కాబట్టి, పాటించని హద్దు అన్న 1930 నాటి బ్రిటన్ ఫిర్యాదుకు ఇక్కడ సమాధానం ఉంది. ఈ నిబంధనను ఒక గుడి నగరపు ప్రత్యేకత అనుకుని వదిలేయకూడదు. గేట్లు పెట్టగల ప్రతి ఘాట్ రోడ్డుకూ ఇది సరిపోతుంది. ఎద్దుల బండి దిగేటప్పుడు వెనక తాడు పట్టుకున్న మనుషులు ముందున్న ఎద్దుల మెడలను చూసి తాడు సడలించేవారు, బిగించేవారు. బండిలో కూర్చున్నవాడి తొందర వాళ్ళ లెక్కలోకి వచ్చేది కాదు. ఆ తాడు ఇప్పుడు నలభై నిమిషాల రూపంలో మన చేతిలో ఉంది.